మగపిల్లల్లో రొమ్ము పెరిగితే దాచవద్దు

కోటవురట్ల: తోటి పిల్లలంతా చొక్కాలు విప్పి చెరువులో ఈతకు దిగుతుంటే ఒక్కడు మాత్రం గట్టుమీదే కూర్చుంటాడు. కబడ్డీకి పిలిచినా రాడు. కారణమడిగితే చెప్పడు. ఛాతీ ఆడపిల్లలకు మాదిరిగా ఉబ్బిందన్న సిగ్గు, స్నేహితుల ఎగతాళి అతడి నోరు కట్టేస్తాయి. వైద్యులు దీనిని గైనకోమాస్టియా అంటారు. ఇది శాపమూ కాదు, మగతనం లోపించినట్లూ కాదు.

పురుషుల శరీరంలోనూ స్త్రీ హార్మోను ఈస్ట్రోజన్ కొద్దిపాటిగా ఉంటుంది. పురుష హార్మోను టెస్టోస్టిరాన్ దాని ప్రభావాన్ని అదుపులో ఉంచుతుంది. ఈ తూకం తప్పితే చనుమొన కింద గ్రంథి కణజాలం పెరిగి, నొక్కినప్పుడు బిళ్లలా తగులుతుంది. స్థూలకాయుల్లో కేవలం కొవ్వు చేరి ఛాతీ పెరగడం వేరు. అందులో బిళ్ల ఉండదు.

అప్పుడే పుట్టిన మగశిశువుల్లోనూ తల్లి హార్మోన్ల వల్ల రొమ్ములు ఉబ్బి, ఒక్కోసారి పాలవంటి ద్రవం వస్తుంది. కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. ఇంట్లోని పెద్దలు దానిని పిండటం గ్రామాల్లో నేటికీ కనిపిస్తుంది. ఇలా చేస్తే చీము పట్టే ప్రమాదముంది. యుక్తవయసులో, ముఖ్యంగా 13, 14 ఏళ్ల ప్రాయంలో, సగం మంది వరకు బాలురలో ఎంతోకొంత వాపు వస్తుంది. అత్యధికుల్లో 6 నెలల నుంచి 2 ఏళ్లలోగా మందులేమీ లేకుండానే పోతుంది. 50 ఏళ్లు దాటాక టెస్టోస్టిరాన్ తగ్గి మళ్లీ కనిపించవచ్చు.

పెద్దల్లో మందుల ప్రభావాన్ని ముందుగా అనుమానించాలి. గుండె, కాలేయ రోగులకిచ్చే స్పైరనోలాక్టోన్, కడుపుమంటకు వాడే సిమెటిడిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు, ప్రొస్టేట్ క్యాన్సర్ హార్మోన్ చికిత్స ఇందుకు దారితీస్తాయి. హెచ్‌ఐవీ బాధితులు వాడిన ఎఫావిరెంజ్‌తోనూ ఈ సమస్య వచ్చింది. అయితే అనుమానం వచ్చిందని మాత్రలు సొంతంగా ఆపరాదు. చీటీ తీసుకుని వైద్యుని వద్దకే వెళ్లాలి. కండల కోసం వ్యాయామశాలల్లో తీసుకునే స్టెరాయిడ్లు తెచ్చే చేటు ఇదే. సారాతో కాలేయం గట్టిపడినవారిలో, మూత్రపిండాలు చెడినవారిలో, థైరాయిడ్ అధికమైనవారిలోనూ ఛాతీ పెరుగుతుంది. కుష్ఠు లేదా గవదల వల్ల వృషణాలు దెబ్బతిన్నా, పుట్టుకతో అదనపు ఎక్స్ క్రోమోజోమ్ ఉన్నా ఇదే పరిస్థితి.

వృషణంలో గడ్డ తగిలినా, ఒకవైపే రాయిలా గట్టి కణితి ఉన్నా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం కారినా ఆలస్యం తగదు. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో దాదాపు 1 శాతం పురుషులే. మగవాడికి ఇదేమిటన్న ధీమాతో వారు ఆలస్యంగా వస్తుంటారు.

సైనిక నియామకాల వైద్య పరీక్షల్లో ఈ వాపు అనర్హతకు కారణం కావచ్చు. పరుగు పందెంలో నెగ్గి, అక్కడ చొక్కా విప్పాక బయటపడటం కంటే ముందే చూపించుకోవడం మేలు. ఏడాదికి పైబడిన కణజాలం గట్టిపడితే మందులకు లొంగడం కష్టం, శస్త్రచికిత్సే మార్గం. తొలుత నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, అవసరమైతే విశాఖపట్నం కేజీహెచ్‌కు వెళ్లవచ్చు.