మొబైల్ సేవల షరతుల మార్పు - వినియోగదారుల రక్షణ

మొబైల్ ఫోను సంస్థ తన ప్లానులోని ఛార్జీలను, గడువును లేదా ఇతర షరతులను మధ్యలో మార్చినపుడు వినియోగదారునికి లభించే చట్టపరమైన రక్షణల గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. వరంగల్ ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్ పరిధిలో ఉన్నది. 2014లో రాష్ట్ర విభజన జరిగినా ఈ సర్కిల్ ఒకటిగానే కొనసాగుతున్నది.

నియంత్రణ

1997లో ఏర్పడిన భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) ఈ రంగానికి నిబంధనలు రూపొందిస్తుంది. మొబైల్ ఛార్జీలను చాలావరకు కంపెనీలే నిర్ణయించుకుంటాయి. అయితే 2004 నాటి ఉత్తర్వు ప్రకారం, వినియోగదారుడు ఒక ప్లానులో చేరిన నాటి నుండి 6 నెలల వరకు అందులోని ఏ ఛార్జీనీ పెంచరాదు. తగ్గించడానికి అభ్యంతరం లేదు.

28 లేదా 84 రోజుల ప్రీపెయిడ్ ప్యాకుల విషయం కొంత భిన్నమైనది. గడువు ముగిసిన తరువాత చేసే రీచార్జి కొత్త కొనుగోలు అవుతుంది కనుక దానికి కొత్త ధర వర్తిస్తుంది. 2024 జూలైలో ప్రైవేటు సంస్థలు ధరలు పెంచినపుడు, అంతకు ముందే కొన్న ప్యాకులు వాటి గడువు వరకు చెల్లాయి.

జీవితకాల ప్లానులు

2006 మార్చిలో ట్రాయ్ జీవితకాల ప్లానులకు ప్రత్యేక నిబంధన చేసింది. దీని ప్రకారం, సంస్థకు లైసెన్సు ఉన్నంతకాలం ఆ ప్లాను కొనసాగాలి. "జీవితకాలం" అంటే వినియోగదారుని జీవితకాలం కాదు, లైసెన్సు కాలం అన్నమాట. 2018 చివరలో కొన్ని సంస్థలు కనీస నెలవారీ రీచార్జిని తప్పనిసరి చేయడంతో ఈ తేడా చాలామందికి అనుభవంలోకి వచ్చింది.

సమ్మతి

వినియోగదారుని స్పష్టమైన సమ్మతి లేకుండా కాలర్ ట్యూన్ల వంటి అదనపు సేవలను ప్రారంభించి డబ్బు తీసుకోరాదు. 2013 నుండి దీనికి రెండుసార్లు ధృవీకరణ అవసరం. 2022లో చేసిన సవరణ ప్రకారం ప్రతి సంస్థ 30 రోజుల గడువు గల ప్లానును కూడా అందించాలి.

ఫిర్యాదు విధానం

* మొదట సంస్థ కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసి, డాకెట్ నంబరు తీసుకోవాలి.
* పరిష్కారం లభించకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు. అప్పీలును 39 రోజులలో పరిష్కరించాలి.
* ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు.
* జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

వినియోగదారుల కమిషన్లు

2009లో సుప్రీంకోర్టు, టెలిఫోను వివాదాలకు టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తిత్వమే మార్గమని తీర్పు ఇచ్చింది. దీనివలన చాలాకాలం వినియోగదారుల ఫోరమ్‌లలో ఇటువంటి ఫిర్యాదులకు ఆటంకం కలిగింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం "సేవ" నిర్వచనంలో టెలికాంను చేర్చింది. సగటున 555 రూపాయల బిల్లు వచ్చే అహ్మదాబాదు వినియోగదారునికి ఒక నెల 24,609 రూపాయల బిల్లు రావడంతో మొదలైన కేసులో, వినియోగదారుల ఫోరమ్‌లకు విచారణాధికారం ఉన్నదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

2019 చట్టం ప్రకారం వినియోగదారుడు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. కనుక కంపెనీ కార్యాలయం ఎక్కడ ఉన్నా వరంగల్ వాసి తన జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. వివాదం తలెత్తిన 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి. ఒప్పందమే అన్యాయమైనదని వాదించదలచినవారు మాత్రం హైదరాబాదులోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళవలసి ఉంటుంది.

నంబరు మార్చకుండా సంస్థ మార్పు

కొత్త షరతులు నచ్చనివారు 2011 జనవరి నుండి అదే నంబరుతో మరొక సంస్థకు మారవచ్చు. ఇందుకు ఆ నంబరు ప్రస్తుత సంస్థలో కనీసం 90 రోజులు వాడుకలో ఉండాలి. పోస్టుపెయిడ్ బకాయిలు ఉండరాదు. సర్కిల్ లోపల మార్పుకు 3 పనిదినాలు పడుతుంది.