బొంతకూ కావాలి మూలమట్టం

ఎద్దు మూపురాన్ని పోలిన బైలదిల్లా కొండల చెంత, కిరందుల్, బచేలిలలోని మన ఇళ్లకు చలికాలంలో బొంతే ఆసరా. పాత చీరల ముక్కలతో కుట్టే బొంతలో గడులు వంకరపోవడానికి వెంట్రుకవాసి తేడా చాలును. పది ముక్కల వరుసకు తొమ్మిది కుట్లు. ప్రతి కుట్టూ ఒక్క మిల్లీమీటరు లోపలికి జరిగితే, ఇరువైపులా కలిసి వరుస 18 మిల్లీమీటర్లు కురచవుతుంది.

కనుక మేము సూచించేది ఇది: గుడ్డను ముందుగా ఉతికి, పడుగుపేకల వెంబడి కత్తిరించాలి. కుట్టిన గడిని సాగదీయక, అదిమి ఇస్త్రీ చేయాలి. పిదప కొలవాలి. నాలుగు భుజాలూ, రెండు కర్ణాలూ సమానమైతేనే అది చదరం. 15 సెంటీమీటర్ల గడికి కర్ణం సుమారు 21.2 సెంటీమీటర్లు. తేడా కనిపిస్తే అంచు కత్తిరించక, కుట్టు విప్పి మరల కుట్టుకుందాము. అమ్మ కట్టిన చీర మరల దొరకదు కదా!