తెర తప్పా, తెర వెనుక తప్పా?

మీట నొక్కినా లాప్‌టాప్ వెలుతురు వెంటనే మారకపోతే కొత్త డిస్‌ప్లే కొనే ముందు చూసుకోవాల్సినవి

రైల్లో కిటికీ పక్క సీటు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. బ్రైట్‌నెస్ పెంచే మీటను నాలుగుసార్లు నొక్కినా లాప్‌టాప్ తెర మసకగానే ఉంటుంది. విసుగొచ్చి వదిలేశాక నింపాదిగా ఒక్కో మెట్టే ఎక్కుతుంది. మరమ్మతు దుకాణంలో 'డిస్‌ప్లే మార్చాలి' అనేస్తే ఖర్చు వేలల్లో మాట. దానికి తలూపే ముందు ఓ అరగంట వెచ్చించడం నయం.

మీటకీ, తెరకీ మధ్య దారి చిన్నదేం కాదు. నొక్కిన సంగతిని లోపలి కంట్రోలర్ చిప్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేరవేస్తుంది. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌కి చెబుతుంది. తెర వెనకున్న ఎల్‌ఈడీల కాంతిని మార్పించేది ఆ డ్రైవరే. మౌస్‌తో బ్రైట్‌నెస్ స్లైడర్‌ను జరిపితే చటుక్కున మారి, మీటతో మాత్రం ఆలస్యమైతే తెర నిర్దోషి. మీటల కోసం తయారీ సంస్థ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ వేసుకుంటే సరిపోవచ్చు. రెండూ మొరాయిస్తే డ్రైవర్‌ను అనుమానించాలి. డివైస్ మేనేజర్‌లో ఇంటెల్, ఏఎండీ లాంటి పేర్లకు బదులు 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉందంటే అసలు డ్రైవర్ పని చేయడం లేదన్నమాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాన్ని 11కి మార్చుకున్నవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. తయారీ సంస్థ సైట్‌లో సరిగ్గా ఆ మోడల్‌కి ఇచ్చిన డ్రైవర్‌నే ఎంచుకోవాలి.

కొన్నిసార్లు నెమ్మది లోపమే కాదు, కావాలని పెట్టింది. చుట్టూ ఉన్న వెలుతురును కొలిచే సెన్సర్ ఉంటే, కళ్లకు ఇబ్బంది లేకుండా కాంతిని మెల్లమెల్లగా మారుస్తుంది. మరో సదుపాయం తెరమీది దృశ్యాన్ని బట్టి కాంతిని సర్దుతుంది. చీకటి సన్నివేశం నుంచి తెల్లటి పేజీకి వచ్చినప్పుడు తెర కాస్త తటపటాయించేది అందుకే. ఛార్జర్ పెడితే మాయమై, బ్యాటరీ మీదే కనిపించే జబ్బుకు సాధారణంగా ఇలాంటి పొదుపు ఏర్పాట్లే మూలం. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, బ్రైట్‌నెస్ వరసలో వెళ్లి వీటిని ఆపేయవచ్చు. కాకపోతే ఛార్జింగ్ కొంచెం త్వరగా అయిపోతుంది. కరెంటు కోతల ఊళ్లో అదీ లెక్కలోకి వచ్చేదే.

విండోస్ మొదలుకాక ముందు వచ్చే బయోస్ తెర కూడా మసకగానో, మిణుకుమిణుకుమంటూనో ఉంటే డ్రైవర్‌ను తప్పుపట్టి లాభం లేదు. అప్పుడు మాత్రం దుకాణదారు మాట వినాల్సిందే.