తొట్టెల: లష్కర్ బోనాల్లో కాగితపు నిర్మాణం

కీలక పదాలు: తొట్టెల, లష్కర్ బోనాలు, కాగితపు కళ, వస్తుసంస్కృతి, వృత్తి పదజాలం

సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాలను గురించిన రచనల్లో బోనం, ఘటం, రంగం, పోతరాజు తప్పక కనిపిస్తాయి. తొట్టెలకు మాత్రం సాధారణంగా ఒక్క వాక్యమే దక్కుతుంది: రంగు కాగితాలతో అలంకరించిన మొక్కుబడి వస్తువు అని. చిక్కు 'అలంకరించిన' అన్న మాటలోనే ఉంది. తొట్టెలకు కాగితం పైమెరుగు కాదు, ఆకారాన్నిచ్చేదే అది. అందువల్ల ఈ వ్యాసం తొట్టెలను ఒక నిర్మాణంగా పరిశీలిస్తుంది.

ముందుగా పేరు. తెలంగాణ వాడుకలో తొట్టెల అంటే ఊయల. శిశువును తొలిసారి ఊయలలో వేసే వేడుకనూ ఈ పేరుతోనే వ్యవహరిస్తారు. తమిళంలో తొట్టిల్, కన్నడంలో తొట్టిలు ఇదే అర్థంలో ఉన్నాయి. అయితే అమ్మవారికి సమర్పించే తొట్టెల చూపునకు ఊయలలా ఉండదు. అంతస్తులుగా లేచి, పైకి పోయినకొద్దీ సన్నబడుతూ గోపురాన్నో రథాన్నో తలపిస్తుంది. సంతానం కోరి దేవతకు ఊయల కట్టే మొక్కు తెలుగువారికి కొత్తది కాదు. ఆ మొక్కే పేరును నిలుపుకొని రూపం మార్చుకున్నదని నా ఊహ. ఏ కుటుంబం ఏ కోరికతో తొట్టెల ఎత్తుతున్నదో సేకరిస్తే తప్ప ఇది ఊహగానే ఉంటుంది.

ఇక నిర్మాణం. వెదురును చీల్చి, బద్దలను నున్నగా చెక్కి, దారంతో ముడివేసి చట్రాలు కడతారు. ఒకదానికంటే ఒకటి చిన్నవైన చట్రాలను నిలువు బద్దలకు బిగిస్తే అంతస్తులు ఏర్పడతాయి. వెదురు తేలికైనది, వంచినా తొందరగా విరగదు, కనుక ఎత్తు పెరిగినా బరువు అంతగా పెరగదు. ఊరేగింపులో మోయవలసిన వస్తువుకు ఇది ముఖ్యం. దీనిమీద గాలిపటాలకు వాడేటంత పలుచని రంగు కాగితాన్ని మైదా బంకతో అంటిస్తారు. పలుచని కాగితం తనంతట తాను నిలవదు. మడత పెడితే ఆ మడత వెంట బిగువు వస్తుంది. కుచ్చుల తయారీలో నేర్పు మరింత స్పష్టం. కాగితాన్ని పలు పొరలుగా మడిచి, ఒక అంచు వదిలి, రెండో అంచును సన్నని పోగులుగా కత్తిరించి, విప్పి బద్ద చుట్టూ చుడతారు. సమతలమైన కాగితం అక్కడ ఘనరూపం పొందుతుంది, గాలికి కదులుతుంది కూడా. బరువు వెదురుది, ఆకారం కాగితానిది.

జపాన్ ఒరిగామిలో ఈ విభజన లేదు. అక్కడ ఒకే కాగితాన్ని, సాధారణంగా కత్తిరించకుండా, మడతలతోనే నిలబెడతారు. ఎముకా చర్మమూ ఆ కాగితమే. తొట్టెలకు దగ్గరి చుట్టాలు ఈ నేలమీదే ఉన్నాయి: సంక్రాంతి గాలిపటం, మొహర్రం తాజియా. వెదురు, కాగితం, బంక ఈ మూడింటికీ సామాన్య సరంజామా. బోనాలను తాజియాతో కలిపి చదివే అలవాటు మన జానపద పరిశోధనలో ఇంకా బలపడవలసి ఉంది.

కాలనిర్ణయంలో జాగ్రత్త అవసరం. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813 ప్రాంతంలో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలో మొక్కుకొని, 1815లో సికింద్రాబాదులో అమ్మవారి కొయ్యవిగ్రహాన్ని ప్రతిష్ఠించాడని ఐతిహ్యం. చౌకైన యంత్రపు కాగితం ఆ తర్వాత ఎంతో కాలానికి గాని సామాన్యులకు అందలేదు. కనుక మొక్కు ప్రాచీనమైనా, నేటి రంగురంగుల రూపాన్ని ఐతిహ్యమంత వెనక్కి తీసుకుపోవడం సమంజసం కాదు.

మెరిసే ప్లాస్టిక్ కాగితం, థర్మోకోల్ వాడకాన్ని తేలికగా నిందిస్తాం. ఆషాఢం వానలకాలం, పలుచని కాగితం తడిస్తే రంగు కారుతుంది, బంక వదులుతుంది. తయారీదారుని ఎంపికలో ఈ లెక్కా ఉంది. కాని ప్లాస్టిక్ పొరకు కాగితపు మడత నిలవదు. పదార్థం మారితే పనితీరూ, దానితో పాటు మడతకూ ముడికీ ఉన్న మాటలూ మారతాయి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన తొలి మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలను పనివారి నోటినుంచే సేకరించింది. ఏడాదిలో కొద్ది వారాలే సాగే తొట్టెల పనికీ ఆ పద్ధతి వర్తిస్తుంది. బోనాలకు ముందే, కట్టే చోటికి వెళ్లి, బద్దల కొలతలు, కట్టే వరుస, ప్రతి కత్తిరింపు పేరు నమోదు చేయాలి. పండుగనాటి ఛాయాచిత్రంలో కుచ్చు కనిపిస్తుంది గాని, ఎన్ని మడతలమీద కత్తెర వేశారో తెలియదు.