సరుకు బండిలో సంచార గృహం

ప్రయాణంలో బండియే ఇల్లు కావడం మన ఖమ్మం ప్రాంతానికి కొత్త విషయం కాదు. వెదురు తడకను విల్లువలె వంచి కప్పిన గూడుబండిలో గడ్డి పరచి, దానిపై జంపఖానా వేసుకొని, కుటుంబాలకు కుటుంబాలే భద్రాద్రి రాముని కల్యాణానికి తరలిపోయేవి. నిజాం కాలంలో దౌరాకు బయలుదేరిన అధికారుల డేరాలు, కనాతులు, వంట పాత్రలు ఎడ్లబండ్లపై ముందుగా ముకాముకు చేరేవి. రెండేండ్లకొకసారి మాఘ మాసంలో మేడారం జాతరకు పోయేవారు ఈనాటికీ ట్రాక్టరు తొట్లలోను, సరుకు బండ్లలోను టార్పాలిను నీడన రాత్రులు గడుపుతారు. విదేశాలలో పికప్ బండిని ఇల్లుగా అమర్చుకొని ఖండాలు దాటే యాత్రికులు ఉన్నారు. వారు చేసే పని మూలంలో మన గూడుబండి పనియే.

ఈ విషయాన్ని విహారయాత్రికుల కోసం మాత్రమే ఇక్కడ ప్రస్తావించడం లేదు. ఏజెన్సీ గ్రామాల వారపు సంతలకు బట్టలు, గాజులు, అల్యూమినియం గిన్నెలు తీసుకొనిపోయే చిన్న వర్తకులు మాకు తెలిసినవారు ఉన్నారు. లాడ్జికి సొమ్ము పెట్టలేక, సరుకును వదలి పోనూలేక, వారు మూటలపైననే నడుము వాల్చుతారు. చలికాలంలో కొందరు టార్పాలినును నలువైపులా బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుంటారు. ఇందలి అపాయాన్ని గూర్చి చెప్పడమే ఈ వ్యాసానికి ముఖ్య కారణం. దానికి ముందు బండి అమరిక ఎట్లుండవలెనో చూతము.

మన దారులలో తరచుగా కనబడే బొలేరో పికప్‌లో సరుకు తొట్టి సుమారు తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. ఇద్దరు హాయిగా పడుకొనవచ్చును. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో తొట్టి పొడవు ఏడడుగుల పైచిలుకే. ఒక మనిషికి, అతని సరుకుకు సరిపోతుంది. తొట్టిలో ఒక ప్రక్కన రెండడుగుల వెడల్పుతో పలక మంచం అమర్చి, దాని క్రింద సరుకు పెట్టెలను జారుడుగా ఉంచడం అన్నిటికంటె సుఖమైన పద్ధతి. పడుకొన్నవాడే సరుకుకు కాపలా అవుతాడు. మంచానికి టేకు పలకలు కావాలని కొందరు పట్టుబడతారు గాని, అది బరువు, ఖర్చు, పైగా అటవీ చెక్‌పోస్టులో అనవసరమైన ప్రశ్నలకు కారణం. ముప్పాతిక అంగుళం ప్లైవుడ్డు చాలును. నీటి డబ్బా, బ్యాటరీ వంటి బరువులు అడుగున, వెనుక ఇరుసుకు ముందు భాగంలో ఉండవలెను. బరువు పైకెక్కినకొద్దీ ఘాటు రోడ్డు మలుపులలో బండి ఒరుగుతుంది.

అమరిక అంతా విప్పి తీయడానికి వీలుగా ఉండడం మంచిది. ఇందుకు సౌకర్యమొక్కటే కారణం కాదు, చట్టం కూడ కారణమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. కేరళ నుండి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమాన్నే గట్టిగా నిలబెట్టింది. కనుక శాశ్వతమైన రేకు గది కట్టించదలచినవారు ముందుగా రవాణా కార్యాలయంలో విచారించవలెను. బండి నడుస్తున్నప్పుడు తొట్టిలో మనిషి కూర్చొనడం, పడుకొనడం ఎంతమాత్రం తగదు. అది ఆగిన బండిలోని ఇల్లు మాత్రమే.

ఇక గాలి సంగతి. కొత్తగూడెం, పాల్వంచ ఎండలు ఎరిగినవారికి రేకు డబ్బాలో నిద్ర ఎట్లుంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండకు పగలంతా కాగిన రేకు రాత్రి పొద్దుపోయేదాక వేడిని విడుస్తూనే ఉంటుంది. దీనికి మందు మన పెద్దల గూడుబండిలోనే ఉన్నది. టార్పాలినుకు అడుగున మూడంగుళాల ఎడంతో వెదురు తడకను కట్టినచో, నడుమనున్న గాలి పొర వేడిని దిగనీయదు. ఆ ఎడము ముందు వెనుకల తెరచి ఉండవలెను, లేనిచో వేడిగాలి అక్కడనే నిలిచిపోతుంది. తొట్టిలో ఒక మూల అడుగున ఒక రంధ్రం, దానికి ఎదురు మూల పైభాగాన మరొకటి ఉంచితే, వేడెక్కిన గాలి పైనుండి పోతూ చల్లనిగాలిని క్రిందినుండి లాగుతుంది. రెండింటికీ సన్నని జాలీ తప్పనిసరి. భద్రాచలం ఏజెన్సీకి మలేరియా పాత శత్రువు. జాలీ ఉన్నదని దోమతెరను మానరాదు.

కుంపటి విషయానికి వత్తము. బొగ్గు సరిగా మండనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటె దీనిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగతతో మొదలై, నిద్రలోనే స్పృహ తప్పుతుంది. పొగ కనబడటం లేదు కదా అనుకొనడమే పొరపాటు, నిగనిగలాడే నిప్పుల నుండియే ఈ విషవాయువు ఎక్కువగా వస్తుంది. ఇంజను నడుపుతూ నిద్రించడంలోను ఇదే ప్రమాదం. కనుక వంట బయట, నిప్పు బయట. చలికి రెండు కంబళ్ళు, అడుగున వరిగడ్డి పరుపు చాలును. చలి అధికంగా క్రిందినుండియే వస్తుందని గడ్డిపై పడుకొన్నవారందరికీ తెలుసును.

దీపానికి, చిన్న పంకాకు 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి వేరుగా ఉండవలెను. లెక్క తేలిక. అందులో ఉన్నది 1200 వాట్-అవర్లు, సగానికి మించి వాడితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. 15 వాట్ల పంకా ఎనిమిది గంటలు, 5 వాట్ల దీపం నాలుగు గంటలు కలిపి రాత్రికి 140. అంటే నాలుగు రాత్రులు గడుస్తాయి. బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు పెట్టవలెను. నీరు మనిషికి రోజుకు అయిదు లీటర్లు త్రాగడానికి, వంటకు సరిపోతుంది.

బండి ఇల్లని చూపరులకు తెలియకుండుటే మేలని అనుభవజ్ఞులు అంటారు. బండియే ఇల్లయిన సంగతి తెలుగువారందరూ ఎరిగినది 1982లో, నందమూరి తారక రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్చుకొని రాష్ట్రమంతా తిరిగినప్పుడు. అయితే ఆ రథం నలుగురూ చూడడానికే పుట్టింది. మన బండికి కావలసినది అందుకు పూర్తిగా విరుద్ధం. ఖమ్మం మార్కెట్టుకు మిర్చి తెచ్చే బండ్లకుండే టార్పాలినే దీనికీ ఉండవలెను. ప్రక్కలకు కిటికీలు, బొమ్మలు వద్దు. లోపలి వెలుగు బయటికి పొక్కకుండ నల్లని తెర కట్టవలెను. దొంగల కన్ను పడకుండుటకు ఇంతకంటె ఉపాయం లేదు.

కాని కనబడకుండుట వేరు, దాగుట వేరు. చర్ల, దుమ్ముగూడెం దారులు, చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు పోయే 30వ నంబరు జాతీయ రహదారి, ఇవి తనిఖీలు జరిగే దారులు. అడవి అంచున ఎవరికీ చెప్పకుండ చీకటిలో ఆగిన బండిని పోలీసులైనా, గ్రామస్థులైనా అనుమానించడంలో వింత లేదు. అడిగినప్పుడు తెర తీసి చూపవలెను, కాగితాలు చేతికందేచోట ఉండవలెను. కోయ గూడెం దగ్గర ఆగదలచితే ముందుగా ఊరిపెద్దను కలిసి అడుగవలెను. కాదన్నచో మరుమాట లేక పెట్రోలు బంకుకో, బస్టాండు దాపునకో పోవలెను. 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యంలో అనుమతి లేకుండ ప్రవేశించరాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తున్నది.

ఆగే చోటును ఎంచుకొనడంలో ఋతువును చూడవలెను. వేసవి మొదట్లో ఇప్పచెట్టు నీడ ఎంత చల్లగా ఉన్నా రాత్రికి దాని క్రింద ఆగరాదు, రాలిన పూవు కోసం ఎలుగుబంట్లు వస్తాయి. వానాకాలంలో గోదావరి ఇసుక తిన్నెలను, వాగు ఒడ్డులను విడిచిపెట్టవలెను. ఎగువన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే నీరు పెరుగుతుంది. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఆ నెలలలో పరుపు సర్దే ముందు నీటిమట్టం ఎంతో అడిగి తెలుసుకొని, బండి ముఖాన్ని రోడ్డువైపు త్రిప్పి నిలపవలెను.