జాడీలో చీటీ

పిల్లలూ! ఆవకాయ జాడీకి అమ్మ వాసెన కట్టటం మీరు చూసే ఉంటారు. కంప్యూటరులో కూడా ఒక జాడీ ఉన్నది. దాని పేరు జార్.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ జావా అనే కంప్యూటరు భాషను లోకానికిచ్చింది. జావాలో రాసిన పెద్ద ప్రోగ్రాము వందల కొద్దీ క్లాసు ఫైళ్ళుగా తయారవుతుంది. వాటికి తోడు బొమ్మలూ, శబ్దాలూ! ఒక్కటి తప్పిపోయినా పని చెడవచ్చు. అందుకని 1997లో అన్నిటినీ ఒకే మూటగా కట్టే ఏర్పాటు చేశారు. అదే జార్. నిజానికి ఇది మనకు తెలిసిన జిప్ మూటే. మీలో కొందరు ఆడే మైన్‌క్రాఫ్ట్ ఆటకు సర్వరు కూడా జార్ ఫైలుగానే వస్తుంది.

మూట సరే, ఇన్ని ఫైళ్ళలో ముందు దేన్ని నడపాలి? ఆ సంగతి మానిఫెస్ట్ అనే చీటీలో ఉంటుంది. (ఊరగాయ జాడీకి చీటీ పైన అంటిస్తాం, దీనికి లోపలే!) అందులో ‘మెయిన్-క్లాస్’ అని రాసి, దాని పక్కన మొదలుపెట్టవలసిన క్లాసు పేరు రాస్తారు. జావా ముందుగా ఆ చీటీ చదువుతుంది.

ఇక్కడే ఒక చిక్కున్నది. చీటీలో ఆఖరు వరుస రాశాక ఎంటర్ మీట నొక్కాలి. నొక్కకపోతే ఆ వరుసను జావా సరిగా చదవదని జావా పాఠాలే హెచ్చరిస్తాయి. క్లాసు పేరు అందకపోతే, ఫైళ్ళన్నీ ఉన్నా జార్ కదలదు. చీటీ తీసి చూస్తామా, అంతా సరిగానే కనిపిస్తుంది! కంటికి కనపడని తప్పును వెతకటం ఎంత కష్టమో చూడండి.

2006లో వచ్చిన జావా 6తో ఈ బాధ తగ్గింది. మూట కట్టేటప్పుడు క్లాసు పేరు చెబితే చాలు, జార్ పనిముట్టే చీటీ రాసి లోపల పెట్టేస్తుంది.