జట్టు పేరు మనది, పెత్తనం ఎవరిది?

హైదరాబాద్ క్రికెట్ జట్టు తీరుపై పల్లె అభిమానుల ఆవేదన

(మా గ్రామీణ విలేకరి)

వేసవి వచ్చిందంటే పల్లెల్లో పొద్దుగూకే వేళకు మాట మారుతుంది. పగలంతా మిర్చి ధర, బోరు నీళ్ళు, కరెంటు కోత గురించి మాట్లాడుకున్నవారే రాత్రి ఏడున్నర కాగానే టీకొట్టు టీవీ ముందు బెంచీల మీద సర్దుకుని కూర్చుంటారు. హైదరాబాద్ జట్టు ఆడే రోజయితే ఇక చెప్పనక్కరలేదు. గెలిస్తే ఈలలు, ఓడితే తిట్లు.

ఆ తిట్లను కాస్త చెవియొగ్గి వింటే ఒక సంగతి బోధపడుతుంది. ఆటన్నాక గెలుపోటములు తప్పవని వీరికి తెలుసు. వీరి కోపమంతా జట్టును నడిపే పెద్దల మీద. నిన్న ఆడినవాడు ఇవాళ ఎందుకు లేడు? కప్పు తెచ్చినవాణ్ణి ఎందుకు పంపేశారు? మన ప్రాంతపు కుర్రాళ్ళకు చోటేదీ? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే నాథుడు లేడన్నదే వీరి బాధ.

మొదటి యాజమాన్యం

ఐ.పి.ఎల్. పోటీలు 2008లో మొదలైనాయి. హైదరాబాద్ జట్టును డెక్కన్ క్రానికల్ పత్రికా సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పాడుకుని డెక్కన్ చార్జర్స్ అని పేరు పెట్టింది. మన వి.వి.ఎస్. లక్ష్మణ్ తొలి కెప్టెన్. మొదటి ఏడు జట్టు ఎనిమిదింటిలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీల్లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు 2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగుళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలుచుకున్నది.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. 2011లో ఆటగాళ్ళను తిరిగి వేలం వేసినప్పుడు గిల్‌క్రిస్ట్ పంజాబుకు, రోహిత్ శర్మ ముంబయికి వెళ్ళిపోయారు. రోహిత్ కెప్టెన్‌గా ముంబయికి అయిదు కప్పులు తెచ్చిపెట్టాడు. హైదరాబాద్ మాత్రం 2011లో ఏడో స్థానానికి, 2012లో ఎనిమిదో స్థానానికి దిగజారింది. ఈలోగా యాజమాన్య సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో బి.సి.సి.ఐ. ఒప్పందాన్ని రద్దు చేసింది. ఆ రద్దుపై వివాదం కోర్టులకెక్కి ఏళ్ళ తరబడి నడిచింది. నాలుగేళ్ళు ఆ జట్టును తమదనుకుని మోసిన అభిమానిని మాత్రం ఎవరూ అడిగింది లేదు, చెప్పింది లేదు.

అదే ఏడు అక్టోబరులో చెన్నైకి చెందిన సన్ టీవీ సంస్థ ఏడాదికి రూ.85.05 కోట్లకు హైదరాబాద్ జట్టు హక్కులు దక్కించుకున్నది. సన్‌రైజర్స్ అన్న కొత్త పేరు వచ్చింది. పొరుగు రాష్ట్రం వారి సొమ్ము, మన రాజధాని పేరు. అయినా జనం కాదనలేదు. ఆట బాగుంటే చాలుననుకున్నారు.

వార్నర్‌కు జరిగినది

2016 మే 29న డేవిడ్ వార్నర్ నాయకత్వంలో జట్టు బెంగుళూరును వారి సొంత మైదానంలోనే 8 పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చింది. ఆ ఏడు వార్నర్ చేసిన పరుగులు 848. ఆస్ట్రేలియా దేశస్థుడైనా తెలుగు సినిమా పాటలకు చిందులేస్తూ తీసిన వీడియోలతో ఇంటింటా చుట్టమైపోయాడు.

అటువంటి ఆటగాడి విషయంలో 2021లో జరిగినది అభిమానులు ఇప్పటికీ మరచిపోలేదు. ఆ ఏడు మొదటి ఆరు ఆటల్లో జట్టు ఒక్కటే గెలిచింది. మే 1న కెప్టెన్ పదవిని విలియమ్సన్‌కు అప్పగిస్తున్నట్లు ప్రకటన వెలువడింది. మరునాటి ఆటకు విదేశీ ఆటగాళ్ళ కూర్పు మారుస్తున్నట్లు కూడా అందులోనే వున్నది. మరునాడు చూస్తే ఆడే పదకొండు మందిలో వార్నర్ లేడు. కప్పు తెచ్చిన మనిషి మైదానం బయట తోటివారికి మంచినీళ్ళు అందిస్తూ కనిపించాడు. ఇంత చేసినా జట్టు ఆ ఏడు అట్టడుగునే మిగిలింది.

అదే ఏడు నవంబరులో ఆస్ట్రేలియా టి-20 ప్రపంచ కప్పు గెలిచింది. ఆ పోటీల్లో ఉత్తమ ఆటగాడు వార్నరే. మరుసటి ఏడు ఢిల్లీ జట్టులో చేరి, 2022 మే 5న హైదరాబాద్ మీదనే 92 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఆ రాత్రి మన జట్టు ఓడినందుకు ఏడవాలో, మనవాడు ఆడినందుకు నవ్వాలో తెలియలేదని అభిమానులు నేటికీ చెప్పుకుంటారు.

కాపుకొచ్చిన తోట నరికినట్టు

రషీద్ ఖాన్‌ను 2022కు ముందు వదులుకున్నారు. అతను చేరిన గుజరాత్ జట్టు మొదటి ఏడే కప్పు గెలిచింది. 2014 నుంచి 2024 దాకా జట్టుకు బౌలింగ్‌లో పెద్ద దిక్కుగా వున్న భువనేశ్వర్ కుమార్‌ను తరువాతి వేలానికి వదిలేస్తే బెంగుళూరు పట్టుకుపోయింది. 2025లో కప్పు బెంగుళూరుదే. ఏటేటా తోట నరికి కొత్త మొక్క పెడితే కాపు చూసేదెన్నడని రైతు అభిమాని అడుగుతున్నాడు.

యాజమాన్యం వైపు నుంచి కూడా ఆలోచించాలి. మూడు నాలుగేళ్ళకొకసారి జరిగే పెద్ద వేలం ఏ జట్టునూ కుదురుగా వుండనివ్వదు. 2025 పోటీలకు ముందు ఒక జట్టు ఆరుగురిని మించి అట్టిపెట్టుకోరాదన్నారు. మొత్తం ఖర్చుకు రూ.120 కోట్ల హద్దు పెట్టారు. పైగా ఆటలో నలుగురికి మించి విదేశీయులను దింపరాదు. ఈ నిబంధనల మధ్య ఒకరిని వుంచుకోవాలంటే మరొకరిని వదలక తప్పదు.

చేసినవన్నీ తప్పులేననీ అనలేము. 2023లో జట్టు మళ్ళీ అట్టడుగున నిలిచాక పాట్ కమిన్స్‌ను రూ.20.50 కోట్లకు కొన్నప్పుడు ఇంత సొమ్మా అని ముక్కున వేలేసుకున్నవారే, 2024లో జట్టు ఒక ఆటలో 277, మరొక ఆటలో 287 పరుగులు చేస్తుంటే టీకొట్టు కప్పు ఎగిరిపోయేలా కేకలు వేశారు. ఆ ఏడు ఫైనల్‌లో 113 పరుగులకే కుప్పకూలి కలకత్తా చేతిలో ఓడినా ఎవరూ పెద్దగా తిట్టలేదు. పోరాడారు, అది చాలునన్నారు.

మనవాడు వుంటే ఆ తీరే వేరు

స్థానికులకు చోటు లేదన్నది పాత ఫిర్యాదే. 2021లో శాసనసభ్యుడు దానం నాగేందర్ ఈ విషయమై బహిరంగంగానే నిరసన తెలిపారు. హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో రూ.2.60 కోట్లకు కొన్నది ఈ జట్టే. మరుసటి ఏడే వదిలేసింది. అతను బెంగుళూరుకు ఆడి పేరు తెచ్చుకున్నాడు. తిలక్ వర్మ 2022లో ముంబయి పాలయ్యాడు.

ఇందుకు భిన్నంగా విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2023లో రూ.20 లక్షలకు తీసుకుని, ఓపిక పట్టి, 2025కు ముందు రూ.6 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో అతను శతకం కొట్టిన రోజున పల్లెల్లో మిఠాయిలు పంచినవారున్నారు. 2025 ఐ.పి.ఎల్.లో అతని బ్యాటు అంతగా పలకకపోయినా టీకొట్టులో తిట్లు తక్కువే పడ్డాయి. మనవాడు, కుదురుకుంటాడు అన్నారు. తెలిసిన మనిషి తప్పు చేస్తే జనం ఓర్చుకుంటారు. ముఖం పరిచయం అయ్యేలోగానే మనిషిని మార్చేస్తే ఎవరి కోసం ఓర్చుకోవాలి?

పల్లె అభిమాని కోరేది కొంచెమే. పేరున్న ఆటగాణ్ణి పక్కన పెట్టినప్పుడు కారణం చెప్పండి. నలుగురైదుగురినైనా కొన్నేళ్ళు కదపకుండా వుంచండి. జిల్లాల్లో పంటకోసిన చేలల్లో టెన్నిస్ బంతితో ఆడుకునే పిల్లల వైపు కూడా ఒక చూపు చూడండి. అతను టిక్కెట్టు కొని స్టేడియానికి రాకపోవచ్చు. కానీ ఆ జట్టుకు మన వూళ్ళలో ఇంత పేరు వున్నదంటే అది రాత్రి పదకొండు దాకా టీకొట్టు బెంచీ మీద కూర్చుని, తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి పొలానికి పోయే ఇతని వల్లనే.

యజమానులు మారారు, పేరు మారింది, కెప్టెన్లు మారారు. 2008 నుంచి నేటిదాకా మారనిది ఆ బెంచీ ఒక్కటే. వేలంలో దానికి ధర లేదు. అందుకే కాబోలు, దాని మాట ఎవరికీ వినపడదు.